నిప్పురవ్వ మీద ఉపసంఘం

పట్టణ నమూనా విమానాల సంఘంలో గత ఆరేళ్ళుగా ఒక్క విమానమైనా ఎగరలేదంటూ గిట్టనివాళ్ళు చేస్తున్న ప్రచారాన్ని సంఘ కార్యవర్గం తీవ్రంగా ఖండించింది. ఖండన ప్రకటన నాలుగు పేజీలు వచ్చింది. అందులో విమానాలు ఎగిరాయని మాత్రం ఎక్కడా లేదు. ఎగరకుండా ఉండటానికి సంఘం ఎంత శ్రమపడుతోందో లోకం గుర్తించడం లేదన్నదే అందులోని ఆవేదన.

ఆవేదన న్యాయమైనదే. సంఘానికి ఊరి చివర ఒక మైదానం ఉంది, మైదానం పక్కన రేకుల షెడ్డు ఉంది, షెడ్డులో రెండు అద్దాల బీరువాలున్నాయి, బీరువాల్లో విమానాలున్నాయి. బారెడు రెక్కలు, ముక్కున పిడికిలంత పెట్రోలు ఇంజను, కింద నిలబడి నడపడానికి చేతిలో పట్టే రిమోటు పెట్టె. అన్నీ ఉండి కూడా ఎగరకపోవడానికి కారణం ఒక్కటే. ఇంజన్లో నిప్పురవ్వ ఎలా పుట్టాలన్న విషయం ఇంకా తేలలేదు.

తెలియని వాళ్ళకోసం రెండు ముక్కల్లో. పెట్రోలు మండాలంటే నిప్పురవ్వ కావాలి. ఆ రవ్వకు రెండు దారులున్నాయి. ఒకటి మాగ్నెటో. ఇరుసుతో పాటు ఒక అయస్కాంతం తిరుగుతుంది, పక్కనున్న తీగచుట్టలో కరెంటు పుడుతుంది, రవ్వ పడుతుంది. బ్యాటరీతో పనిలేదు. కాకపోతే బరువు, విమానం ముక్కున తిరిగే పంకాను చేత్తో గట్టిగా విసిరి తిప్పాలి, ఒక్కోసారి అది వెనక్కి తన్ని వేళ్ళు పగలగొడుతుంది. రెండోది ఎలక్ట్రానిక్. అగ్గిపెట్టెంత డబ్బా, దానికో చిన్న బ్యాటరీ. రవ్వ ఏ క్షణాన పడాలో డబ్బాయే చూసుకుంటుంది. తేలిక, ఊరికే తట్టినా ఇంజను లేస్తుంది. కాకపోతే బ్యాటరీ అయిపోయిందంటే విమానం పనీ అయిపోయినట్టే. రెండింటితోనూ విమానాలు బ్రహ్మాండంగా ఎగురుతాయి. బుద్ధి ఉన్నవాళ్ళు ఏది దొరికితే అది పెట్టుకుని ఎగరేసుకుంటారు. సంఘాలు పెట్టేది అలాంటివాళ్ళు కాదని మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ సంఘంలో పళ్ళమేస్త్రి అనే ఆవిడ ఉండేది. అది ఆవిడ పేరు కాదు, వృత్తి. దంతవైద్యులు పంపే అచ్చులు చూసి పళ్ళ సెట్లు తయారుచేయడం ఆవిడ పని. బజారులో మేడమీద ఒక గది, గది నిండా అరల్లో బారులు తీరిన ప్లాస్టరు నోళ్ళు, బల్లమీద స్పిరిటు దీపం, మైనం గీకే కత్తి, సన్నటి ఆకురాళ్ళు. చిగుళ్ళ రంగు ముద్దను వేళ్ళతో ఒత్తి ఒత్తి, వెంట్రుకవాసి తేడా రాకుండా పన్ను పక్కన పన్ను కూర్చేది. సంఘంలో అరవై దాటిన పదకొండుమందీ ఆవిడ చేసిన పళ్ళతోనే ఉపన్యాసాలిచ్చేవారు. ఉపన్యాసంలో ఏముందో ఆవిడ పట్టించుకునేది కాదు. కింది సెట్టు కదులుతోందా లేదా అని చూసేది.

ఆవిడకు విమానాల పిచ్చి భర్త వల్ల పట్టుకుంది. భర్త ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. పెళ్ళయిన కొత్తలో ఒక ఇంజను కొని తెచ్చి, దాని గురించి నెల్లాళ్ళు చదివి, చివరికి పంకా తిప్పే ఘట్టం వచ్చేసరికి "నీ చెయ్యి తేలిక, నువ్వు తిప్పు" అన్నాడు. ఆవిడ తిప్పింది. ఇంజను లేచింది. తిప్పినదాన్ని నేనే కదా అని రిమోటు కూడా ఆవిడే అందుకుంది. దాని మీది రెండు పుల్లలను వేలికొసన అంగుళం కదిపితే అంత దూరాన రెక్క ఒరగడం, ఒరిగినది మళ్ళీ తన మాట విని తిన్నబడటం చూసి ఆ రోజు ఆవిడకు అన్నం సయించలేదు. పొద్దస్తమానం మనుషుల నోళ్ళలోకి చూసే మనిషికి ఆకాశం ఎంత శుభ్రంగా కనిపిస్తుందో ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. సంఘంలో నలభైమంది సభ్యులున్నా నిజంగా విమానం నడపడం వచ్చింది ఆవిడ ఒక్కతికే. ఈ లోపాన్ని సంఘం పెద్దమనసుతో క్షమించి, కార్యవర్గంలోకి తీసుకోకుండా ఊరుకుంది.

ఆవిడ తమ్ముడికి బ్యాటరీల దుకాణం. ఎలక్ట్రానిక్ పక్షానికి నాయకుడు అతనే. తన సిద్ధాంతానికీ తన దుకాణానికీ ఏ సంబంధమూ లేదని ప్రతి సభలోనూ చెప్పేవాడు. చెబుతూ చెబుతూ ధరలు కూడా చెప్పేవాడు. మాగ్నెటో పక్షానికి నాయకుడు ఆవిడ భర్త. పరాయి శక్తి మీద ఆధారపడకుండా తన రవ్వ తాను పుట్టించుకునే ఇంజనే ఆత్మగౌరవం గల ఇంజనని ఆయన వాదన. ఆయన మాత్రం మూడు పూటలా పెళ్ళాం చేతి వంట మీదే ఆధారపడేవాడు గాని, అది ఇంజన్లకు సంబంధించిన విషయం కాదు.

ఈ బావాబావమరదులు ఒకప్పుడు ఒకే సైకిలు మీద మైదానానికి వెళ్ళేవారు. ఆరేళ్ళ కిందట ఒకే నెలలో రెండు విమానాలు కూలాయి. మొదటిది ఎలక్ట్రానిక్. గాల్లో ఉండగానే ఇంజను ఆగిపోయి, పోయి పోయి ఇటుకల గుట్టను గుద్దుకుంది. దాని బ్యాటరీని చార్జి చేయాల్సిన తమ్ముడు, ఆ పూట బ్యాటరీలను క్రమం తప్పకుండా చార్జి చేయవలసిన ఆవశ్యకత మీద ప్రసంగిస్తూ ఉండిపోయాడు. రెండోది మాగ్నెటో. దాని ప్లగ్గు తీగ మీద ఉండాల్సిన తొడుగు బిగించలేదు. రవ్వ పడినప్పుడల్లా పుట్టిన రేడియో గోలకు రిమోటు మాట విమానానికి వినబడక, తన దారిన తాను చెట్లు దాటి వెళ్ళిపోయింది. మూడు రోజుల తరువాత ఒక గిడ్డంగి కప్పు మీద దొరికింది. ఆ తొడుగు బిగించాల్సిన భర్త, దాన్ని ఎలా బిగించాలో చెప్పే కాగితంలో అచ్చుతప్పులు దిద్దుతూ కూర్చున్నాడు. రెండు సంగతులూ పళ్ళమేస్త్రి కళ్ళారా చూసింది. ఇద్దరికీ చెప్పింది కూడా. ఆమె మాటను వ్యక్తిగత అభిప్రాయంగా నమోదు చేశారు.

వెంటనే తులనాత్మక అధ్యయన ఉపసంఘం ఏర్పడింది. నివేదిక వచ్చేలోపల ఎవరు ఏ విమానం ఎగరేసినా దాని ప్రభావం అధ్యయనం మీద పడే ప్రమాదం ఉంది కనుక, అన్ని రకాల ఎగరడాలనూ తాత్కాలికంగా నిలిపివేశారు. ఆ తాత్కాలికానికి ఆరేళ్ళు నిండాయి. ఈలోగా సంఘం ఎన్నడూ లేనంత చురుగ్గా పనిచేసింది. షెడ్డులో బెంచీలు రెండు బారులయ్యాయి. టీలు రెండు వేళలయ్యాయి. ఎలక్ట్రానిక్ పక్షం ఒక కరపత్రం వేస్తే, అందులోని వాదాన్ని ముట్టుకోకుండా, పదిహేడు ముద్రణ దోషాలను ఎత్తిచూపుతూ మాగ్నెటో పక్షం ఇంకో కరపత్రం వేసేది. విమానం అంటే ఏమిటో తెలియకుండానే సంఘంలో చేరి, పక్షం తెలుసుకుని, సభల్లో గొంతు పోయేలా వాదించి, పేరు తెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

పళ్ళమేస్త్రి ఇంట్లో బ్యాటరీతో నడిచే వస్తువు లేదు. గోడగడియారానికి కీ ఇవ్వాలి. కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించాలి. టార్చిలైటు బావమరిది సిద్ధాంతమని భర్త దాన్ని గడప తొక్కనివ్వలేదు. తమ్ముడు ఇంటికి రావడం మానేశాడు. అక్కను చూడాలనిపిస్తే మేడమీది గదికి వచ్చి, ప్లాస్టరు నోళ్ళ మధ్య స్టూలు లాక్కుని కూర్చునేవాడు. అతనికి ఇష్టమని తెచ్చిన కూర గిన్నె అక్కడే ఇచ్చేది. తిన్నంతసేపూ బావ ఆరోగ్యం అడిగేవాడు, గిన్నె కడిగి ఇచ్చి బావ సిద్ధాంతాన్ని తిట్టి వెళ్ళేవాడు. ఇంటికి వెళితే భర్త, మీ తమ్ముడు చిక్కాడటగా, ఎవరో అన్నారు అని పేపరు వెనక నుంచి ఆరా తీసేవాడు. ఇద్దరి మధ్యా కబుర్లు మోయడం ఆవిడకు అలవాటైపోయింది. ఆదివారాలు మాత్రం ఎవరికీ చెప్పకుండా మైదానానికి వెళ్ళి, ఏ విమానమూ లేకుండా ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి వచ్చేది.

అలాంటి రోజుల్లో పురపాలక కార్యాలయం నుంచి తాఖీదు వచ్చింది. విమానాలు ఎగరేసుకోవడం కోసమని ఇచ్చిన మైదానంలో విమానాలు ఎగరడం లేదని కార్యాలయం దృష్టికి వచ్చినందున, ఫలానా తేదీన పది గంటలకు తనిఖీ అధికారి సమక్షంలో కనీసం ఒక్క విమానమైనా పది నిమిషాలు ఎగరాలి. ఎగరని పక్షంలో మైదానాన్ని స్వాధీనం చేసుకుని, పాత ఫైళ్ళు భద్రపరిచే భవనం కట్టడం జరుగుతుంది.

అత్యవసర సమావేశం జరిగింది. అధ్యక్షత వహించినవాడు విశ్రాంత సర్వేయరు. ఉద్యోగమంతా రెండు పొలాల మధ్య గట్టు మీద నిలబడి గడిపిన మనిషి కనుక ఎటూ మొగ్గకపోవడంలో ఆయనకు మించినవాడు లేడు. ఎగరాలా వద్దా అన్నది చర్చ కాదని, ఎగిరితే ఏ రవ్వతో ఎగరాలన్నదే చర్చ అని ఆయన మొదలుపెట్టాడు.

"మిత్రులారా, మైదానం ఈరోజు పోతుంది, రేపు ఇంకోటి వస్తుంది. సిద్ధాంతం పోతే మళ్ళీ రాదు. మన సంఘం ఒక మైదానం కోసం తొందరపడి తప్పు రవ్వతో ఎగిరిందని రేపటి తరం చెప్పుకోకూడదు" అన్నాడు.

చప్పట్లు మోగాయి. ఆయన కింది సెట్టు 'తొందరపడి' దగ్గర కదిలిందని పళ్ళమేస్త్రి గమనించింది గాని, ఆ రోజు ఆ సంగతి పట్టలేదు. ఆరేళ్ళలో మొదటిసారి లేచి నిలబడింది.

"నాకొక మాట చెప్పాలనుంది. ఏదో ఒకటి పెట్టి ఎగరేద్దామండీ. పది నిమిషాలే కదా అడిగింది. మైదానం ఉంటే మిగతాది తరవాత మాట్లాడుకోవచ్చు."

రెండు బెంచీల బారులూ ఒకేసారి ఆవిడ వైపు చూశాయి. 'ఏదో ఒకటి' అన్న మాట ఆ షెడ్డులో అంతకుముందెవరూ వాడలేదు. భర్త తలదించుకున్నాడు. తమ్ముడు కిటికీలోంచి బయటికి చూశాడు. అధ్యక్షుడు మృదువుగా, సోదరి ఉద్వేగాన్ని సంఘం గౌరవిస్తోందని, దాన్ని ఉద్వేగంగానే నమోదు చేయమని కార్యదర్శికి చెప్పాడు. ఆ తరువాత రెండు పక్షాలూ చెరొక విమానాన్ని సిద్ధం చేయాలని, ఏది ముందు ఎగరాలో ఆ రోజు వేదిక మీద తేల్చుకోవాలని, పంకాలు తిప్పే హస్త సహకారం మాత్రం మామూలుగా సోదరి అందిస్తుందని అధిక సంఖ్యాకుల మద్దతుతో తీర్మానించారు.

మూడో రోజున తమ్ముడు ఒక సంచీతో మేడమీదికి వచ్చాడు. ఇంజను లేవడం లేదు, బావ మనుషులకు తెలిస్తే పరువు పోతుంది, కాస్త చూడక్కా అన్నాడు. ఆ మర్నాడు భర్త, అచ్చాఫీసుకు వెళుతూ వెళుతూ, టిఫిను డబ్బా అనుకునేలా గుడ్డలో చుట్టిన ఇంజనొకటి బల్లమీద పెట్టి, మీ తమ్ముడికి తెలియనివ్వకు అన్నాడు. ఆరేళ్ళు కదలక రెండింటి కార్బురేటర్లలోనూ పాత పెట్రోలు బంకలా గడ్డకట్టింది. పన్ను సందులు శుభ్రం చేసే సన్న పుల్లలతో ఆవిడ ఆ బంక గీకింది. ప్లగ్గులు తీసి తోమింది. కిటికీ మూసి, గది చీకటి చేసి, ఒకదాని తరువాత ఒకటి తిప్పి చూసింది. రెండు రవ్వలూ నీలంగానే ఉన్నాయి. రెండూ 'టిక్'మనే అన్నాయి. భర్త వచ్చి, వాళ్ళది కొంచెం నీరసంగా లేదూ అని అడిగితే, ఒకేలా ఉన్నాయండీ అంది. ఆయనకు నచ్చలేదు. తమ్ముడు వచ్చి అదే అడిగితే అతనికీ అదే చెప్పింది. అతనికీ నచ్చలేదు.

అయితే ఆ గదిలో మూడో విమానం కూడా ఉంది. కూలిన రెండు విమానాల ముక్కలనూ సంఘం చెత్తలో పారేసిన రోజున ఆవిడ వాటిని గోనెసంచిలో వేసి తెచ్చుకుంది. తాఖీదు వచ్చినప్పటినుంచీ మధ్యాహ్నం పూట, ప్లాస్టరు ఆరేలోపల, ఒక దాని రెక్కలకు ఇంకోదాని తోక అతికించింది. పగిలినచోట చిగుళ్ళ ముద్ద పూసి నునుపు చేసింది. ముక్కలతో పాటు వచ్చిన రెండు పాత ఇంజన్లలో ఏది ముందు బాగుపడితే దాన్ని ముక్కుకు బిగించి, రేకు తొడుగు పెట్టి, నాలుగు మరలు బిగించేసింది. ఇది ఎవరి పక్షమన్న ఆలోచన ఆవిడకు రాలేదు. వేళ్ళు ఇంకా మరిచిపోలేదు కదా అన్న బెంగ మాత్రం ఉంది.

తనిఖీ రోజు వచ్చింది. మైదానంలో షామియానా వేశారు, మైకు పెట్టారు. రెండు పక్షాల విమానాలనూ పూలదండలు వేసి వేదిక మీద నిలబెట్టారు. తనిఖీ అధికారి సన్నగా, నీరసంగా ఉన్న మనిషి. ఒక అట్టకు ఫారం తగిలించుకుని ముందు వరసలో కూర్చున్నాడు. గాలి ఒక్క తీరుగా, మెత్తగా వీస్తోంది. పన్నెండు దాటితే అది దుమ్ము లేపుతుందని పళ్ళమేస్త్రికి తెలుసు.

పది గంటలకు ఏది ముందన్న ప్రశ్న మొదలైంది. అక్షరక్రమం పాటిస్తే ఎవరికీ పక్షపాతం చేసినట్టు కాదని అధ్యక్షుడు సూచించాడు. 'ఎ' అక్షరం 'మ' కన్నా ముందుంది కనుక ఎలక్ట్రానిక్‌దే మొదటి హక్కని తమ్ముడు లేచాడు. మాగ్నెటో అనేది వాడుక మాట మాత్రమే, అసలు పేరు అయస్కాంత ఇంజను, 'అ' వర్ణమాలకే మొదలు అని భర్త లేచాడు. అలాగైతే తమది అత్యాధునిక ఇంజను, 'త' కన్నా 'య' వెనకే కదా అని తమ్ముడు. తమది అచ్చమైన అయస్కాంత ఇంజను, 'చ' రెండింటికన్నా ముందే అని భర్త. తమ్ముడు ఒక్క నిమిషం తలపట్టుకుని, తమది అంతరాయం లేని అత్యాధునిక ఇంజను అన్నాడు. ఎలక్ట్రానిక్ బెంచీలు చప్పట్లతో మారుమోగాయి. భర్త చిరునవ్వు నవ్వి, సంచిలోంచి నిఘంటువు తీశాడు. సున్నా అన్ని హల్లులకన్నా ముందు వస్తుందా, లేక అది ఏ అనునాసికానికి బదులు వాడారో ఆ అనునాసికం చోటనే వస్తుందా అన్నది పండితుల మధ్య ఈనాటికీ తేలని విషయమని మైకులో ప్రకటించాడు. పదకొండయింది.

పళ్ళమేస్త్రి కాసేపు చూసింది. హస్త సహకారం కోసం ఎవరూ పిలవలేదు. మెల్లగా లేచి, షెడ్డు వెనక గోనెసంచి కప్పి ఉంచిన తన విమానాన్ని రెండు చేతులా ఎత్తుకుని, రిమోటు పెట్టె భుజానికి తగిలించుకుని, మైదానం ఆ చివరికి నడిచింది. పంకా తిప్పింది. లేవలేదు. చెమట పట్టిన అరచేతిని చీరకు తుడుచుకుని మళ్ళీ తిప్పింది. ఇంజను దగ్గి, పొగ చిమ్మి, అందుకుంది.

విమానం గడ్డి మీద ఇరవై గజాలు ఎగిరెగిరి పరిగెత్తి, ఒక్కసారి నేలను వదిలేసింది. మొదటి మలుపు దగ్గర ఆవిడ పుల్లను అంగుళానికి మించి కదిపింది. రెక్క ఎక్కువ ఒరిగింది. సరిచేసింది. రెండో మలుపుకు వేళ్ళకు అంతా గుర్తొచ్చింది. అతికిన తోక నిలబడింది. రెక్క కింద ఎండ మెరిసింది. ఎంత ఎత్తుకు పంపినా ఇంకా చోటు మిగిలే ఉంది. ఆవిడకు తెలియకుండానే నోరు తెరుచుకుంది. అదృష్టవశాత్తు ఆ నోట్లోకి చూసేవాళ్ళెవరూ అక్కడ లేరు. చెట్ల మీదుగా తిప్పి, షెడ్డు మీదుగా తెచ్చి, షామియానా మీదుగా పోనిచ్చింది.

ఆ సమయంలో మైకు ముందు అధ్యక్షుడున్నాడు. సున్నా స్థానం మీద రాజీ మార్గం చెబుతూ చెబుతూ ఆగాడు.

"దయచేసి ఆ చప్పుడు చేసేవాళ్ళెవరో ఆపాలి. ఇక్కడ విమానం ఎగరడం గురించి గంభీరమైన చర్చ జరుగుతోంది" అన్నాడు.

సభ్యులు కోపంగా అటూ ఇటూ చూశారు. పైకి మాత్రం ఎవరూ చూడలేదు. చప్పుడు రెండోసారి మీదుగా వెళ్ళినప్పుడు ఫారం మీద ఒక నీడ పాకింది. తనిఖీ అధికారి తలెత్తాడు. ఆయన ఒక్కడే. తలెత్తి, అలాగే చాలాసేపు ఉండిపోయాడు. చేతిగడియారం చూసుకున్నాడు. విమానం పద్నాలుగు నిమిషాలు ఎగిరింది. తరువాత ఆవిడ ఇంజను తగ్గించి, గాలికి ఎదురు తెచ్చి, తలగడ మీద తల ఆన్చినంత నెమ్మదిగా గడ్డి మీదకు దించింది. కూర్చుని, దాని రెక్క మీద చెయ్యివేసి, కాసేపు లేవలేదు.

అధికారి నడిచి వచ్చాడు. బాగా ఎగిరిందమ్మా అన్నాడు. ఆ మాట విని ఆవిడ కళ్ళు తుడుచుకునేలోపల, అధికారి లేచి ఎటు వెళ్ళాడా అని సభ మొత్తం వెనకే వచ్చేసింది. నలభైమంది ఆ విమానం చుట్టూ మూగారు. తొడుగు కింద ఏముందో కనిపించక కొందరు వంగారు, కొందరు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"అక్కా, లోపల ఉన్నది బ్యాటరీయేనా?" అన్నాడు తమ్ముడు.

"మాగ్నెటోనే కదూ?" అన్నాడు భర్త, గొంతు తగ్గించి.

"ఎగరడం చూశారా?" అని ఆవిడ ఇద్దర్నీ అడిగింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆరేళ్ళలో అదే మొదటిసారి.

అధికారి గొంతు సవరించుకున్నాడు. విమానం ఎగిరిన మాట నిజమే, తాను చూశాడు. కాని ఫారం ఏడో గడిలో, ఎగరడాన్ని కళ్ళారా చూసిన ఇద్దరు సభ్యుల సంతకాలు కావాలి. తాను సంతకాలు తీసుకోవాల్సినవాడే గాని పెట్టాల్సినవాడు కాదు. ఎగరేసినావిడ తనకు తానే సాక్ష్యం చెప్పడం కుదరదు. ఎవరైనా ఇద్దరు సంతకం పెడితే మైదానం సంఘానిదే. చూడకపోయినా ఫరవాలేదు, ఎవరూ అడగరు అని కూడా ఆయన ఇటూ అటూ చూసి చిన్నగా అన్నాడు.

పళ్ళమేస్త్రి భర్త వైపు చూసింది. ఆయన జేబులో ఎప్పుడూ ఉండే ఎర్రసిరా కలం తీశాడు, మూత తీశాడు, ఆగాడు. ఏ రవ్వతో ఎగిరిందో తెలియని విమానానికి సంతకం పెడితే, రేపు అది ఎలక్ట్రానిక్ అని తేలిందా, తన చేత్తో తాను రాసిచ్చినట్టవుతుంది. మూత పెట్టేశాడు. తమ్ముడి ఇబ్బందీ, వాళ్ళ వెనకున్న సభ్యులందరి ఇబ్బందీ అదే. అధ్యక్షుడు సంతకానికి సిద్ధమే, కాని ఉభయ పక్షాలూ పెట్టాకే పెడతాడు. తొడుగు విప్పి చూపించమ్మా, ఒక్క నిమిషంలో తేలిపోతుంది అని అందరూ బతిమాలారు. విప్పితే ఒక పక్షం సంతకాలు పెడుతుంది, రెండో పక్షం వాటిని చెల్లనివ్వదు. ఆ లెక్క ఆవిడకు అక్కడే తెలిసిపోయింది. విమానాన్ని గోనెసంచిలో చుట్టి, చంకన పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి నడిచింది.

ఆ సాయంత్రం భర్త ప్రూఫులు పక్కన పెట్టి, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఎలా అంటూ ఏదో అడగబోయాడు. ఆవిడ గరిటె ఆపి ఆశగా చూసింది. ఎలా లేచింది, మొదటి తిప్పుకా రెండో తిప్పుకా అని ఆయన పూర్తిచేశాడు. ఆవిడ మళ్ళీ గరిటె తిప్పుకుంది.

మైదానం పోయింది. పాత ఫైళ్ళ భవనం లేచింది. మైదానం గురించిన ఫైలును అందులోనే మొదట పెట్టారని వినికిడి. సంఘం మాత్రం దెబ్బతినలేదు సరికదా, సభ్యుల సంఖ్య రెట్టింపయింది. ఎగరేయడమన్న బాధ పూర్తిగా తప్పడంతో అందరూ తీరిగ్గా అసలు ప్రశ్న మీద దృష్టి పెట్టగలిగారు. తనిఖీనాడు ఎగిరిన విమానంలో ఉన్నది ఏ రవ్వ? దీనికి కొత్త ఉపసంఘం వేశారు. రెండు పక్షాలకూ సమాన ప్రాతినిధ్యం ఉండాలి కనుక బావాబావమరదులు ఇద్దరూ సహాధ్యక్షులయ్యారు.

అలా తమ్ముడు ఆరేళ్ళ తరువాత అక్క గడప తొక్కాడు. ఉపసంఘం పని మీద వచ్చినవాడు భోజనానికి ఉండిపోయాడు. ఆ మరుసటి వారమూ వచ్చాడు. చప్పుడును బట్టి చెప్పవచ్చునా, నీడను బట్టి చెప్పవచ్చునా అని ఇద్దరూ ఒకే కంచం పక్కన కాగితం పెట్టుకుని గీతలు గీసేవారు. నువ్వు మరీ బావా అని తమ్ముడు నవ్వేవాడు, ఇంకో గరిటె వెయ్యి వాడికి అని భర్త అనేవాడు. వాళ్ళు కలిసినందుకు పళ్ళమేస్త్రికి నిజంగానే సంతోషం వేసింది. ఇద్దరికీ వడ్డించి, గిన్నెల మీద మూతలు పెట్టి, గోనెసంచి తీసుకుని సైకిలెక్కి వెళ్ళిపోయేది. ఊరవతల కోత కోసిన చేను ఒకటుంది. అక్కడ ఫారాలు లేవు. ఆవిడ ఎటు వెళుతోందని వాళ్ళెప్పుడూ అడగలేదు. చర్చ అంత ముఖ్యమైన దశలో ఉండేది.

పాఠక మహాశయులకు ఒక్క విన్నపం. ఆ విమానం పద్నాలుగు నిమిషాలు ఎలా ఎగిరిందో పైన చెప్పడం జరిగింది. అక్కడ మీరు ఆగలేదు. తొడుగు కింద ఉన్నది మాగ్నెటోనా, ఎలక్ట్రానికా అన్నది ఇక్కడైనా చెబుతారేమోనని చివరిదాకా వచ్చారు. మీ ఆసక్తి కార్యవర్గం దృష్టికి వెళ్ళింది. మీకు వెంటనే సభ్యత్వ దరఖాస్తు పంపాలని తీర్మానించారు. సంఘ చరిత్రలో ఏకగ్రీవంగా ఆమోదం పొందిన మొదటి తీర్మానం ఇదే.